ఫిర్యాదు ఎవరి భాషలో రాయాలి?

క్లాసు మధ్యలో అటెండర్ వచ్చి సర్క్యులర్ అందిస్తాడు. లెక్చరర్ చదివి తలెత్తుతాడు. "ఎస్సీ, ఎస్టీలు లేవండయ్యా, స్కాలర్‌షిప్ ఫారాల మీద సంతకాలు పెట్టాలంట." లేస్తారు. ఎనభై మందిలో పదహారు మంది లేస్తారు, మిగతావాళ్లు చూస్తారు. ఆ చూపు మీద కేసు పెట్టగలిగిన మొనగాడు ఇంకా పుట్టలేదు. లెక్చరర్ తిట్టలేదు, కొట్టలేదు. పైగా డబ్బులొస్తాయనే కదా చెప్పాడు! కానీ ఆ రోజు నుంచి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో, రికార్డు ఎవరికి అప్పివ్వాలో, ఎవరిని "ఏరా" అనొచ్చో తేలిపోతుంది. విద్యార్థిగా నేనట్లా లేచి నిలబడ్డవాణ్ణే. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది, నేనూ లేపాను. సర్క్యులర్ చేతికి రాగానే నా నోరు ఆ మాట దానంతటదే అనేసింది. వ్యవస్థ అంటే ఏమిటో నాకు పుస్తకాల కంటే ఆ క్షణమే ఎక్కువ చెప్పింది.

క్లాసులో కులం పేరు పైకి చదవడం వివక్షేనని ప్రభుత్వం కాగితం మీద ఒప్పుకున్నది 2012లో. ఉన్నత విద్యా సంస్థల్లో సమానత్వం కోసం యూజీసీ ఆ ఏడు నిబంధనలు తెచ్చింది. లాయర్లు వాటిని చట్టంగా చదువుతారు. తెలుగు చెప్పి బతికేవాణ్ణి కనుక నేను పాఠ్యంగా చదివాను. ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో మాట్లాడుతున్నారు, ఎక్కడ గొంతు తగ్గిస్తున్నారు అని చూశాను.

ఆ పాఠ్యంలో రెండు గొంతులున్నాయి. మొదటిది మనది. రిజర్వేషన్ విద్యార్థి అని ముద్ర వేయడం, మార్కులు తగ్గితే కులాన్ని ఎత్తిచూపడం, లాబులో పరికరం మీద చెయ్యి వేయనీయకుండా ఖాళీగా కూర్చోబెట్టడం, అధ్యాపకుణ్ణి కలవడానికి వీళ్లకొక లెక్క మిగతావాళ్లకొక లెక్క పెట్టడం, హాస్టల్లోనూ మెస్సులోనూ వేరు చేయడం, ఇవన్నీ వివక్ష కింద పేరు పెట్టి రాశారు. అనుభవించినవాళ్లు చెప్పకపోతే లాబులో ఖాళీగా కూర్చోవడం అన్న సంగతి ఏ అధికారికి తడుతుంది? అంతకు ముందే, 2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద సుఖదేవ్ థోరాట్ కమిటీ వేశారు. హాస్టళ్లలో దళిత, ఆదివాసీ విద్యార్థులు కొన్ని అంతస్తులకే పరిమితమైపోయిన తీరును 2007 నివేదిక బయటపెట్టింది. పల్లెలో వాడ ఊరవతల ఉంటుంది. దేశంలో పేరుమోసిన డాక్టర్ల కాలేజీలో అది పై అంతస్తుకెక్కింది, అంతే తేడా.

రెండో గొంతు సంస్థది. జాబితా అయిపోయి పద్ధతి మొదలయ్యేసరికి పాఠ్యం స్వరం మారిపోతుంది. ఫిర్యాదు చేసుకోవాలి. వివక్ష వ్యతిరేక అధికారి ఉండాలి. ఆయన విశ్వవిద్యాలయంలోనైతే ప్రొఫెసర్ స్థాయికి తగ్గకూడదు. అరవై రోజుల్లో తేల్చాలి. నచ్చకపోతే సంస్థ అధిపతికే అప్పీలు. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల సహోద్యోగే విచారణాధికారి. ఆయన రేపు ఇదే మనిషి సంతకంతో ఏదో కమిటీలో కూర్చోవాలి. ఆయన దళితుడో ఆదివాసీయో అయి ఉండాలన్న షరతు లేదు, బయటి మనిషి ఒకడైనా ఉండాలన్న షరతూ లేదు. ఆ తర్వాతి ఏడే, 2013లో, పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపుల చట్టం వచ్చింది. అందులో కమిటీ అధ్యక్షురాలు స్త్రీ, సభ్యుల్లో సగం మంది స్త్రీలు, బయటి నుంచి ఒకరు ఉండి తీరాలి. బాధితుల వైపు నుంచి కమిటీని ఊహించడం ప్రభుత్వానికి చేతకాక కాదు. కులం దగ్గరికొచ్చేసరికి ఆ ఊహ ఆగిపోయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. 1997లో మన ఆంధ్రప్రదేశ్‌లో ర్యాగింగ్ నిషేధ చట్టం చేశారు. ఫిర్యాదు వచ్చినా చర్య తీసుకోని ప్రిన్సిపాల్‌ను నేరానికి ప్రేరేపించినవాడిగా పరిగణించాలని అందులో ఉంది. మంచిదే. ర్యాగింగ్ అన్ని కులాల పిల్లలకూ తగులుతుంది, అందుకే చట్టానికి పళ్లు మొలిచాయి. 2012 నిబంధనలను సంస్థ అటకెక్కిస్తే సంస్థకేమవుతుందో ఆ నిబంధనలు స్పష్టంగా చెప్పవు. కాలేజీలు వాటిని ఎట్లా చదువుకోవాలో అట్లానే చదువుకున్నాయి. ఒక బోర్డు, దాని మీద ఒక పేరు, ఒక ఫోన్ నంబరు. ఎత్తేవాడుండడు.

అట్రాసిటీ చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1989 నాటి చట్టం, 1990 నుంచి అమల్లో ఉంది. అది లేకపోతే ఈ మాత్రం భయం కూడా ఉండేది కాదు. కానీ అవమానం నేరం కావాలంటే అది నలుగురి కళ్లెదుట జరగాలి. నాలుగు గోడల మధ్య బయటివాళ్లెవరూ లేనిచోట అన్న మాట ఆ కిందికి రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇప్పుడు క్యాంపస్ వైపు చూడండి. గైడు గదికి నాలుగు గోడలే. వైవా గదిలో తలుపు వేసే ఉంటుంది. సినాప్సిస్ మూడు నెలలు బల్ల మీద పడి ఉండడానికి సాక్షులుండరు. 1991 చుండూరు ఊచకోతకు ముందు గొడవ సినిమా హాల్లో కాలు తగిలిందనే సాకుతో మొదలైంది, ఆ కాలు చదువుకున్న దళిత కుర్రాడిది. అక్కడ జనం చూశారు. విశ్వవిద్యాలయంలో కాలు తగలదు, ఫైలు తగులుతుంది.

ఫైలు ఏం చేయగలదో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. 2008లో సెంథిల్ కుమార్ అనే దళిత పరిశోధక విద్యార్థి చనిపోయాక, ఫిజిక్స్ విభాగంలో గైడును కేటాయించకపోవడం అన్న సంగతి చర్చకొచ్చింది, కమిటీ కూర్చుంది. ఎనిమిదేళ్ల తర్వాత రోహిత్ వేముల. 2015లో నెలల తరబడి ఫెలోషిప్ ఆగింది. కాగితాలు ఆలస్యమయ్యాయన్నారు. ఐదుగురు దళిత విద్యార్థులను హాస్టల్ నుంచి వెలేశారు, వాళ్లు ఆరుబయట వెలివాడ కట్టుకున్నారు. 2015 డిసెంబర్ 18న అతను వైస్ ఛాన్స్‌లర్‌కు రాసిన ఉత్తరం మనందరికీ తెలుసు. దాన్ని చాలామంది చావుకు ముందు సూచనగానే చదివారు. నా చదువు వేరు. అది ఫిర్యాదు పత్రం. సంస్థ నేర్పిన అర్జీ రూపాన్నే తీసుకుని, దళిత విద్యార్థులకు అడ్మిషన్ రోజునే చావు సరంజామా ఇప్పించండని కోరాడు. మర్యాదగా రాసిన ఫిర్యాదుకు ఏమవుతుందో అతనికి అప్పటికే తెలుసు. కనుక మర్యాదనే ఎత్తి సంస్థ ముఖాన కొట్టాడు. అది చదివి ఆ సాయంత్రమే ఎవరో ఒకరు లేచి అతని దగ్గరికి నడిచి ఉండాల్సింది. 2016 జనవరి 17 వరకు నెల రోజులుంది.

ఆ తర్వాత విచారణ ఎటు తిరిగింది? అతను దళితుడేనా అన్న వైపుకి. 2024 మేలో పోలీసులు కేసు మూసేస్తూ ఇచ్చిన నివేదిక కూడా కుల ధ్రువపత్రం చుట్టూనే తిరిగింది. నిరసన వచ్చాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. ఫిర్యాదు మీద జరగాల్సిన విచారణ ఫిర్యాదుదారు మీద జరగడం మనకు కొత్త కాదు. మాల తల్లి ఒంటరిగా పెంచిన కొడుకు కులం ఆమెను చూసి తేల్చరు.

అదే తల్లి రాధిక, ముంబైలో 2019లో చనిపోయిన ఆదివాసీ డాక్టర్ పాయల్ తడ్వి తల్లి ఆబేదా కలిసి ఆ ఏడే సుప్రీంకోర్టుకు వెళ్లారు. కొడుకునీ కూతురినీ పోగొట్టుకున్న ఇద్దరు తల్లులు కోర్టు మెట్లెక్కితే గాని పాత నిబంధనల దుమ్ము దులపలేదు. 2026 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. సమానత్వ కమిటీలో దళిత, ఆదివాసీ, బీసీ, వికలాంగ, స్త్రీ ప్రతినిధులుండాలన్నారు. ఫిర్యాదు అందిన 24 గంటల్లో కమిటీ కూర్చోవాలన్నారు. అమలు చేయని సంస్థకు శిక్షలు రాశారు. దుర్వినియోగం చేస్తారంటూ వీధుల్లో గోల మొదలైంది. జనవరి 29న సుప్రీంకోర్టు వాటిని ఆపి, అప్పటికి 2012వే నడుస్తాయంది. కొత్తవాటిలోనూ లోపాలున్నాయి. సంస్థ అధిపతినే మళ్లీ కమిటీ పెద్దను చేశారు. కానీ ఆ గోల చేసినవాళ్ల కష్టం అది కాదు. 1990లో మండల్‌కి వ్యతిరేకంగా వీధుల్లో బూట్లు పాలిష్ చేస్తూ, చీపుర్లు పట్టి ఊడ్చి నిరసన తెలిపినవాళ్ల వారసత్వం ఇది. ఏ పని తమకు అవమానమో, ఏ పని ఎవరికి సహజమో ఆ బూటు బ్రష్షుతోనే చెప్పుకున్నారు. అమలు కూడా కాని నిబంధన గురించి పుట్టిన దుర్వినియోగ భయం, పదేళ్లకు పైగా అటకెక్కిన నిబంధన గురించి ఒక్కనాడూ పుట్టలేదు.

మనవాళ్ల గురించి కూడా ఒక మాట. క్యాంపస్‌లో దళిత ఉపాధ్యాయులం లేకపోలేదు. ప్రమోషన్ ఫైలు నడిచేదాకా ఆగుదాం అనుకుంటాం, అది నడిచాక పిల్లల పేర్లు మర్చిపోతాం. ఆడపిల్లల హాస్టల్లో జరిగేది మన సంఘాల కరపత్రాల్లోకి చివరి పేరాగానే వస్తుంది. అందుకని నా దగ్గరికొచ్చే పిల్లలకు ఒకటే చెబుతాను. జరిగిన రోజే, అన్న మాట అన్నట్టుగా, తేదీ వేసి రాసుకోండి. ఒంటరిగా వెళ్లొద్దు. అర్జీ కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకోకుండా గది దాటొద్దు. ఇక్కడ కదలకపోతే జాతీయ ఎస్సీ కమిషన్‌కు పంపండి, సంస్థను పిలిపించే సివిల్ కోర్టు అధికారం దానికుంది.

అన్న మాట అన్నట్టుగా అని ఎందుకంటున్నానంటే, నేను పనిచేసిన ఒక కాలేజీలో లాబ్ అసిస్టెంట్ మా విద్యార్థితో "మీ వాడలో ఇంత ఖరీదైన మైక్రోస్కోపు ఎప్పుడన్నా చూశావంట్రా, చెయ్యి తియ్" అన్నాడు. కుర్రాడు అదే మాట తెలుగులో రాసి ఇచ్చాడు. ఆఫీసు తీసుకోలేదు. ఇంగ్లీషులో, పద్ధతిగా రాయమంది. ఎవరో గుమస్తా సాయం చేశాడు. ఇంగ్లీషు అర్జీలో వాడ లేదు, మైక్రోస్కోపు లేదు, "ట్రా" లేదు. లాబ్ సిబ్బంది అమర్యాదగా ప్రవర్తించారు అన్న అర్థమొచ్చే ఒక్క వాక్యం మిగిలింది. దాన్ని చదివి ప్రిన్సిపాల్ నిజాయితీగానే అడిగాడు, ఇందులో కులమెక్కడుందయ్యా అని.

నేనూ కుర్రాడూ మర్నాడు తెలుగు కాగితమే మళ్లీ పట్టుకెళ్లాం. ఈసారి హాస్టల్ నుంచి ఇంకో ఏడుగురొచ్చారు. గుమస్తా లోపలికీ బయటికీ రెండుసార్లు తిరిగి, చివరికి ఇన్‌వార్డ్ నంబరు వేశాడు. నేను బదిలీ అయి వచ్చేనాటికి ఆ కమిటీ కూర్చోలేదు. కుర్రాడు మాత్రం ఆ కాపీని సర్టిఫికెట్ల కవర్లో పెట్టుకున్నాడు.