కల్పిత లోకాల పరిశోధన: ఒక విమర్శ

వేరువేరు ఊళ్లలో ఉన్న మనుషులను ఒకే కల్పిత లోకంలో ఎదురెదురుగా నిలబెట్టే విద్యపై నలభై సంవత్సరాలకు పైగా పరిశోధన జరుగుతున్నది. దాని ఫలితమే నేడు మన యువకుల చేతుల్లోని ఆట. ఆదోనిలోగాని, ఎమ్మిగనూరులోగాని ఇషా నమాజు తరువాత నలుగురు కుర్రవాళ్లు అరుగు మీద తలలు వంచుకొని ఆడుతుంటే, పెద్దలు ‘చెడిపోయారు’ అని సాగిపోతారు. పరిశోధకులేమో నూతన నాగరికత పుట్టిందంటారు. రెండూ తొందరపాటు మాటలే. ఈ విషయంపై వెలువడిన కొన్ని ముఖ్య రచనలను మన ప్రాంతంలో నిలబడి చదివితే ఏమి తోస్తుందో పాఠకుల ముందుంచుతున్నాను.

సాంకేతిక రచనలలో సందీప్ సింఘాల్, మైకేల్ జైడా కలిసి వ్రాసిన ‘నెట్‌వర్క్‌డ్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్స్’ (1999) ముందు చెప్పుకోదగినది. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి వార్త చేరడానికి కొంత కాలం పడుతుంది. ప్రతి కదలికనూ పంపుతూ కూర్చుంటే దారి నిండిపోతుంది. కనుక ఎదుటివాడు చివరిసారి ఎక్కడున్నాడో, ఏ దిక్కుకు ఎంత వేగంతో పోతున్నాడో చూసుకొని, ఇప్పుడెక్కడ ఉండవచ్చునో ప్రతి యంత్రమూ తనంతట తాను లెక్క కడుతుంది. లెక్క బాగా తప్పినప్పుడే సవరణ పంపితే చాలు. దీనికి నావికుల మాటను అరువు తెచ్చుకొని ‘డెడ్ రెకనింగ్’ అన్నారు. నెట్టు మందగించినప్పుడు కళ్లెదుట పరుగెత్తుతున్న మనిషి చటుక్కున మరొక చోట ప్రత్యక్షం కావడానికి ఒక కారణం ఇదే.

ఇంకొక ఉపాయం ఉన్నది. ఆదోని షాహీ జామియా మసీదులో జుమాకు నిలబడిన మనిషికి తన పక్కవాని భుజం తెలిస్తే సఫ్ తిన్నగా ఉంటుంది. చివరి వరుసలో ఎవరున్నారో అతనికి అక్కరలేదు. యంత్రం కూడా ఎవరి చుట్టుపట్ల సమాచారం వారికే పంపుతుంది. వేలమంది ఒకే లోకంలో ఇమడడం దీనివల్లనే సాధ్యమైంది.

ఈ విద్యకు పురిటిల్లు మాత్రం యుద్ధశిక్షణ. 1983లో అమెరికా రక్షణ పరిశోధనా సంస్థ డార్పా ‘సిమ్‌నెట్’ పేరిట పథకం ప్రారంభించి, టాంకు సైనికులకు నిజమైన టాంకులు లేకుండానే కలసి పోరాడే శిక్షణ ఇప్పించింది. జైడా నాయకత్వంలోని సంస్థలోనే తయారై, 2002లో ఉచితంగా విడుదలైన ‘అమెరికాస్ ఆర్మీ’ ఆట లక్ష్యం యువకులను సైన్యం వైపు ఆకర్షించడం. ఇంజనీర్ల గ్రంథాన్ని ధర్మాధర్మ విచారణ చేయలేదని తప్పుపట్టలేము. కాని ఎదుటివాణ్ణి కదిలే గురిగా లెక్కించడం దగ్గర మొదలైన విద్య, అతన్ని మనిషిగా ఎక్కడ లెక్కిస్తుందన్న ప్రశ్న మనకు తప్పదు.

ఆర్థికవేత్త ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా 2001లో వ్రాసిన పత్రం పెద్ద సంచలనం కలిగించింది. ‘ఎవర్‌క్వెస్ట్’ ఆటలోని నోరాత్ అనే లోకంలో ఆటగాని రాబడి గంటకు 3.42 డాలర్లనీ, ఆ లోకపు తలసరి ఉత్పత్తి భారత, చైనా దేశాలను మించిందనీ ఆయన తేల్చారు. లెక్కలో తెలివి ఉన్నది. పోలికలో న్యాయం లేదు. నోరాత్‌లో చంటిబిడ్డ లేదు, మంచం పట్టిన ముసలి లేదు, ఆకలి లేదు. ఆటలో చేరేనాటికే కంప్యూటరు, తీరిక ఉన్నవారు మాత్రమే అక్కడి జనాభా. ఎమ్మిగనూరులో మగ్గం మీద ఒకరు కూర్చుంటారు, కండెలు చుట్టేది ఇల్లాలు, వచ్చిన కూలి ఇంట్లోని నోళ్లన్నిటికీ పంచబడుతుంది. 1938లో మాచాని సోమప్ప నెలకొల్పిన చేనేత సహకార సంఘం ఇటువంటి ఇళ్లకు ఆసరా కావడానికే పుట్టింది. పోషించవలసిన వారెవరూ లేని లోకాన్ని, పోషించే ఇళ్లున్న దేశంతో తలసరిన తూచడం ఏమి ఆర్థికశాస్త్రం?

వీటన్నిటికంటే నిజాయితీగల రచన నా దృష్టిలో మరొకటి. లూకాస్‌ఫిల్మ్ సంస్థలో ‘హాబిటాట్’ అనే తొలినాటి లోకాన్ని నిర్మించిన చిప్ మార్నింగ్‌స్టార్, రాండీ ఫార్మర్‌లు తమ అనుభవాలను వ్యాసంగా వ్రాశారు. లోకాన్ని లోకంగా చేసేది యంత్రం కాదనీ, అందులోని మనుషుల పరస్పర వ్యవహారమేననీ వారు గ్రహించారు. ఆ ఆటలో దొంగతనాలూ హత్యలూ పెరిగినప్పుడు, నిజజీవితంలో గ్రీకు క్రైస్తవ మతగురువైన ఒక ఆటగాడు అక్కడొక ప్రార్థనాలయం తెరిచాడు. తన శిష్యులు ఆయుధం పట్టరాదని, దొంగిలించరాదని నియమం పెట్టాడు. నిర్మాతలు ఊహించనిది ఆటగాళ్లు కల్పించుకున్నారు.

ముస్లిముల చిత్రణపై వీట్ షిస్లర్ 2008లో ప్రకటించిన ‘డిజిటల్ అరబ్స్’ వ్యాసం విలువైనది. పాశ్చాత్య ఆటలలో అరబ్బు ఎక్కువగా తలగుడ్డ చుట్టిన శత్రువుగా కనిపిస్తాడని చూపడమే గాక, హిజ్బుల్లా 2003లో తెచ్చిన ఆట అదే మూసను తిరగేసిందని కూడా ఆయన నిర్మొహమాటంగా చెప్పారు. అయితే ఈ పరిశీలన తెరమీది బొమ్మ దగ్గరే ఆగింది. పబ్జీ వంటి ఆటలో శత్రువు బొమ్మ కాదు, మరొక ఆటగాడు. మన కుర్రవాడు దఖనీ, తెలుగు, కన్నడం కలిపి మాట్లాడే జట్టులో ఉంటాడు. మిర్చి కోతకు గుంటూరు వైపు సుగ్గి పోయిన స్నేహితుణ్ణి అతడు రాత్రిపూట కలుసుకోగల చోటు అదే కావచ్చు. అక్కడి బూతు, స్నేహం, కులం మాట, మతం మాట బొమ్మల పరిశీలనకు అందవు. బొమ్మకు ప్రాధాన్యం లేదనడం లేదు. 2020లో పబ్జీ మొబైల్‌లో విగ్రహాల ముందు వంగి శక్తి పొందే ఏర్పాటు పెట్టగా, గల్ఫ్ దేశాల ముస్లిం ఆటగాళ్లు ఆక్షేపించారు. సంస్థ క్షమాపణ చెప్పి తొలగించింది. హాబిటాట్ నిర్మాతలు చెప్పిన మాటకు ఇది కూడా సాక్ష్యమే.

నిషేధాల కథ అందరికీ తెలిసిందే. పబ్జీని 2020 సెప్టెంబరులో కేంద్రం ఆపింది. 2021 జూలైలో అది వేరొక పేరుతో వచ్చింది. 2022లో మళ్లీ ఆగి, 2023లో తిరిగి వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం 2020లోనే 1974 నాటి జూద చట్టాన్ని సవరించి పందెపు రమ్మీ, పోకర్‌లను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు పందెపు ఆటలను దేశమంతటా నిషేధించి, క్రీడాపోటీలనూ వినోదపు ఆటలనూ వేరుచేసింది.

మన ఉలమా నిశితంగా చూడవలసినది ఈ గీత వద్దనే. అల్ మాయిదా సూరా 90వ ఆయతు మైసిర్‌ను నిషేధించిందని పిల్లవానికి కూడా తెలుసు. ఆటలో డబ్బిచ్చి ‘క్రేటు’ కొంటారు. అందులో కోరిన దుస్తు వస్తుందో, పనికిరానిది వస్తుందో తెరిచేవరకు తెలియదు. వచ్చినదాన్ని సంస్థ తిరిగి డబ్బుగా మార్చి ఇవ్వదు. డబ్బు గెలిచే ఆశ లేదు గనుక ఇది జూదం కాదని కొందరంటారు. గెలిచే ఆశ లేకపోయినా పోగొట్టుకునే దారి తెరిచే ఉన్నది కదా! కాస్ట్రొనోవా లెక్కలు చెప్పినట్లు కల్పిత వస్తువుకు బయట బజారులో ధర పలికేటప్పుడు, ‘వినోదం’ అన్న ఒక్క మాటతో క్రేటును ఈ విచారణ నుండి తప్పించడం కుదరదు.