మంత్రిగారి ఆంక్ష – పాట నడక

1952లో బి. వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖామంత్రి యైన పిదప ఆకాశవాణిలో సినిమాపాట దాదాపు మూగవోయినది. శాస్త్రీయ సంగీతముచే జాతి అభిరుచి సంస్కరింపబడునని ఆయన విశ్వాసము. చిత్రము పేరు చెప్పుట ప్రకటన యగునని రేడియో మానగా, నిర్మాతలు అలిగి అనుమతులు ఉపసంహరించుకొనిరి. శ్రోతలు వాదమునకు దిగలేదు. మీట త్రిప్పి రేడియో సిలోనులో అమీన్ సయానీ 'బినాకా గీత్‌మాలా'కు చెవి యొగ్గిరి. 1957 అక్టోబరు 3న వివిధభారతిని ప్రారంభించుట ఓటమిని మర్యాదగా ఒప్పుకొనుటయే.

అయినను ఆ అయిదేండ్లను మంత్రిగారి ఛాందసమని కొట్టివేయరాదు. సినిమాపాటకు ప్రత్యామ్నాయముగా ఆకాశవాణి లలితసంగీతమును పోషించినది; కవులచేత గేయములు వ్రాయించినది. పాత్ర, సన్నివేశముల ఆసరా లేక పాట తన కాళ్లపై నిలువవలసి వచ్చెను. కవికి అది మంచి పరీక్ష.

లోపమెల్ల పాటను పుట్టినింటినిబట్టి తూచుటలో నున్నది. తెలుగుననే చూడుడు: ఆంక్షకు ముందటి యేడు, 1951లో, విడుదలయిన 'మల్లీశ్వరి' పాటలు దేవులపల్లి కృష్ణశాస్త్రివి, స్వరరచన సాలూరి రాజేశ్వరరావుది. రేడియోకు గేయములు వ్రాసిన కృష్ణశాస్త్రి వేరొకరు కారు. ఒక్క కలము ఒకచోట కవిత్వమును, వేరొకచోట కాలుష్యమును ఎట్లు చిందించును? మాట బరువును, బాణీ నడకను చెవితో విని తేల్చవలసిన విమర్శకుని పనిని ఆనాడు కార్యాలయపు వర్గీకరణకు వదలివేసిరి.