సిద్ధుడు రాని సారంగధర

సారంగధర వేస్తున్నామని తెలిస్తే మా విశాఖ గోపాలపట్నంలో పెద్దవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "మాస్టారూ, సిద్ధుడి వేషం ఎవరికిచ్చారు?" మా నాటకంలో సిద్ధుడు లేడంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. కాళ్లూ చేతులూ నరికేసిన కుర్రాణ్ణి కొండమీద అలాగే వదిలేసి తెర దించేస్తారా అని నిలదీస్తారు. వాళ్ల కోపం నాకు ఇష్టం. ఆ పిల్లాడు వాళ్లకి నాటకంలో పాత్ర కాదు, ఇంట్లో కుర్రాడు. వాడికి న్యాయం జరగాలని వాళ్ల పట్టు.

కథ అందరికీ తెలిసిందే. రాజమహేంద్రవరం ఏలే రాజరాజనరేంద్రుడి కొడుకు సారంగధరుడు. పావురం ఎగిరి సవతితల్లి చిత్రాంగి మేడమీద వాలింది. వద్దని స్నేహితుడు సుబుద్ధి చెప్పినా వినకుండా దానికోసం లోపలికి వెళ్లాడు. ఆమె వలచింది, అతడు కాదన్నాడు, ఆమె నింద వేసింది. తండ్రి విచారించకుండా శిక్ష వేశాడు. రాజమండ్రిలో సారంగధర మెట్ట ఈరోజుకీ ఉంది, అక్కడ సారంగధరేశ్వరుడి గుడీ ఉంది. గౌరన నవనాథ చరిత్ర నుంచి చేమకూర వేంకటకవి కావ్యం దాకా, యక్షగానాల నుంచి 1957లో భానుమతి చిత్రాంగిగా చేసిన సినిమా దాకా ఈ కథను మనవాళ్లు చెప్పుకుంటూనే వచ్చారు. మీననాథుడనే సిద్ధుడు వచ్చి తెగిన కాళ్లూ చేతులూ తిరిగి మొలిపించాడన్నది జనానికి బాగా తెలిసిన ముగింపు.

ఆ ఊరట లేకుండా, విషాదంగానే ముగించే ధైర్యం చేసినవారు బళ్లారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు. పందొమ్మిదో శతాబ్ది చివర్లో సరసవినోదిని సభ కోసం ఆయన రాసిన 'విషాద సారంగధర'ను తెలుగులో తొలి విషాదాంత నాటకంగా చెబుతారు. ఆయన ముందున్న సంస్కృత సంప్రదాయంలో నాటకం శుభంగా ముగియాలి, రంగం మీద చావు చూపకూడదు. భాసుడి 'ఊరుభంగం'లో దుర్యోధనుడు రంగం మీదే ప్రాణం విడుస్తాడు. కానీ భాస నాటకాలు తిరువనంతపురం నుంచి అచ్చవడం మొదలైంది 1912లో. ధర్మవరం వారు కన్నుమూసింది ఆ ఏడాదే. అంటే సొంతగడ్డ మీద దారి చూపే నాటకం చేతిలో లేకుండానే ఆయన ఆ పని చేశారు. ఆంధ్ర నాటక పితామహుడన్న బిరుదు కంటే ఈ తెగువకే నేను ఎక్కువ నమస్కరిస్తాను.

యురిపిడీస్ రాసిన 'హిపోలిటస్' ఇంగ్లిష్ అనువాదంలో మొదటిసారి చదివినప్పుడు రాజమండ్రి కథే చదువుతున్నట్టు ఉంది. క్రీస్తుపూర్వం 428లో ఏథెన్స్‌లో మొదటి బహుమతి పొందిన నాటకం అది. సవతితల్లి ఫీడ్రా, కొడుకు హిపోలిటస్, తొందరపడి శాపం పెట్టే తండ్రి థీసియస్. సముద్రంలోంచి ఎద్దు లేస్తుంది, గుర్రాలు బెదురుతాయి, పగ్గాల్లో చిక్కుకున్న కుర్రాణ్ణి రాళ్ల మీద ఈడ్చుకుపోతాయి. చచ్చిపోయిన హిపోలిటస్‌ను వైద్యుడు ఆస్క్లీపియస్ బతికించాడన్న కథ ఆ దేశాల్లోనూ ఉంది. మన మీననాథుడిలాగే. రోమన్ కవి ఓవిడ్ దాన్ని చెప్పాడు. యురిపిడీస్ మాత్రం తన నాటకంలోకి దాన్ని రానివ్వలేదు. చివర్లో ఆర్టెమిస్ దేవత వస్తుంది. వచ్చి బతికించదు. నీ కొడుకు నిర్దోషి అని తండ్రికి చెబుతుంది. చావును చూడడం దేవతలకు తగదని కుర్రాడు కన్నుమూయకముందే వెళ్లిపోతుంది. ఇక మిగిలింది తండ్రీకొడుకులు. కొడుకు తండ్రిని క్షమించి ప్రాణం విడుస్తాడు.

మా బృందం కొన్నేళ్లుగా ఈ రెంటినీ వేస్తోంది. కాలేజీ పిల్లలతో 'హిపోలిటస్' ఇంగ్లిష్‌లో, ఊళ్లో నటులతో సారంగధర తెలుగులో. ఒకే కథను రెండు భాషల్లో పట్టుకోవడం ఈ ప్రాంతానికి కొత్తేం కాదు. విజయనగరంలో ఇరవై ఒక్కేళ్ల గురజాడ 1883లో 'సారంగధర'ను ఇంగ్లిష్ పద్యకావ్యంగా అచ్చు వేయించారు. అటు బళ్లారిలో ధర్మవరం వారి మేనల్లుడు రాఘవ తెలుగులో, కన్నడంలో, హిందీలో, ఇంగ్లిష్‌లో నటించారు. షేక్‌స్పియర్‌ను ఇంగ్లిష్‌లోనే ఆడారు.

ఇంగ్లిష్ రిహార్సల్లో మా పిల్లలు మాటను జాగ్రత్తగా పట్టుకుంటారు. అది పరీక్షల భాష, ఇంటర్వ్యూల భాష. వాక్యం తప్పుతామేమోనన్న భయంలో ఏడుపు రాదు. థీసియస్ చేసే పిల్లాడు కొడుకుని దేశం విడిచి పొమ్మనే మాటలు ఆర్డరు చదివినట్టు చదివాడు. నాకు అదే సరిగ్గా అనిపించింది. రాజు తీర్పు చెప్పేటప్పుడు అలాగే ఉంటాడు. తెలుగుకి వచ్చేసరికి పరిస్థితి తలకిందులు. రాజరాజు వేషగాడు శిక్ష వేయకముందే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. తండ్రి అప్పుడే ఏడ్చేస్తే చివర్లో ఏడవడానికి ఏం మిగులుతుంది? అందుకని తెలుగు నటుల్ని ఇంగ్లిష్ రిహార్సలుకి రమ్మంటాను. భాష పూర్తిగా అందకపోయినా ఫరవాలేదు, ఆ కుర్రాడు నిలబడ్డ తీరు చూడమంటాను. ఇంగ్లిష్ పిల్లల్ని తెలుగు రిహార్సలుకి కూర్చోబెడతాను. ఈ రెండు రిహార్సళ్లూ విడివిడిగా చేసి ఉంటే మా నాటకం సగమే తయారయ్యేది.

పద్యం సంగతి ఇంకా కష్టం. మా ప్రాంతంలో పద్యనాటకమంటే ప్రాణం పెడతారు. హార్మోనియం శ్రుతి పట్టగానే రాగం ఎంతసేపు నిలుస్తుందా అని ఎదురు చూస్తారు. కొడుకు పోయాడని తెలిసిన తండ్రి పద్యం ఎత్తుకుని, రాగం తీసి, 'వన్స్‌మోర్' అనిపించుకుని మళ్లీ మొదటినుంచి పాడితే దుఃఖం ఏమవుతుంది? నేను పద్యానికి శత్రువుని కాను. నాటకం మొదటి సగంలో, పావురం ఎగిరేదాకా, పద్యాలు ఎన్నైనా ఉండనిస్తాను. శిక్ష పడ్డాక రాగం తగ్గిస్తాను. ఆఖరి రంగంలో హార్మోనియం పెట్టె మూసేయమంటాను. హార్మోనిస్టుకి బాధే. అయినా ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాక ఆ నిశ్శబ్దాన్ని నాకంటే బాగా అర్థం చేసుకున్నాడు.

చిత్రాంగి గురించి వేరే చెప్పాలి. యురిపిడీస్ ఈ కథను రెండుసార్లు రాశాడు. మొదటిదాంట్లో ఫీడ్రా సిగ్గువిడిచి తానే అడిగిందని ఏథెన్స్ జనం ఒప్పుకోలేదట. ఆ నాటకం పోయింది, కొన్ని ముక్కలే దొరికాయి. రెండోదాంట్లో ఆమె తన కోరికతో తానే పోరాడుతుంది, అన్నం మానేస్తుంది, నోరు విప్పేది దాది. మన చిత్రాంగి ఆ పోయిన నాటకంలోని ఫీడ్రాకి చెల్లెల్లాంటిది. అయితే కొన్ని కథనాల్లో ఆమె రాకుమారుడి పటం చూసి మనసిచ్చిన పిల్ల. పెళ్లి మాత్రం ముసలి రాజుతో జరిపించారు. ఆ కథనాన్నే నేను తీసుకుంటాను. అప్పుడు ఆమె అడగడంలో న్యాయం ఉంది, నింద వేయడంలో అన్యాయం ఉంది. రెండూ ఒకే మనిషిలో కనబడాలి. స్థానం నరసింహారావుగారు చీర కట్టి చిత్రాంగిగా మెప్పించారు. ఏథెన్స్‌లోనూ ఆడవేషాలు మగవాళ్లే ముసుగులు పెట్టుకుని వేసేవారు. మా నాటకంలో మాత్రం ఆ వేషం ఆడవాళ్లదే. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలని రాఘవగారు ఎప్పుడో పట్టుబట్టారు.

గ్రీకు నాటకాన్ని మన ఊళ్లో వేసేవాళ్లు ఎక్కువగా తడబడేది కోరస్ దగ్గర. పదిహేను మంది గుంపుగా పాడుతూ ఆడుతూ కథ పక్కనే నిలబడతారు. దాన్ని స్కూలు ప్రార్థనలా అప్పజెప్పిస్తే చూసేవాడు లేచిపోతాడు. మాకు ఆ చిక్కు లేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల్లో జమకుల కథ ఉంది. కథ చెప్పేవాడి పక్కన వంతలు ఉంటారు, తందానా అంటారు, మధ్యలో ప్రశ్న వేస్తారు, జమకు మోగుతూనే ఉంటుంది. షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు ఈ నేల పాటలూ ఆటలూ ఎత్తుకుని 'భూమి భాగోతం' ఆడించి చూపించారు. దారి మాకు అక్కడే దొరికింది. 'హిపోలిటస్' కోరస్‌లో ఉండే ట్రీజెన్ ఊరి ఆడవాళ్లకు బదులు మా నాటకంలో ఆడ వంతలు ఉంటారు.

ఇక్కడ యురిపిడీస్ చేసిన పని ఒకటి ఉంది, నాకు ఆ నాటకం మొత్తంలో అన్నిటికంటే గొప్పగా తోచేది. ఫీడ్రా కోరస్ చేత ఒట్టు వేయించుకుంటుంది. విన్నదేదీ బయటపెట్టబోమని వాళ్లు మాటిస్తారు. ఆ తర్వాత తండ్రి వచ్చి కొడుకును నిందిస్తుంటే, నిజమంతా తెలిసిన ఆ ఆడవాళ్లు నోరు మూసుకుని అక్కడే నిలబడాలి. దీన్ని సారంగధరలోకి తెచ్చాను. చిత్రాంగి వంతల చేత ఒట్టు వేయించుకుంటుంది. రాజు శిక్ష వేసేటప్పుడు, అప్పటిదాకా ప్రతి మాటకీ తందానా అన్న వంతలు ఆగిపోతారు. జమకు ఆగిపోతుంది. రాజు వాళ్లవైపు చూస్తాడు. ఎవరూ మాట్లాడరు. చూసేవాళ్లలోంచి మాత్రం ఎవరో ఒకరు "చెప్పండే!" అని అరుస్తారు. ఆ కేక కోసమే ఇంత శ్రమా.

నరకడం చూపించం. కత్తి తీసుకుని మెట్ట ఎక్కిన తలారి తిరిగొచ్చి జరిగింది చెబుతాడు. గ్రీకు నాటకంలో వార్తాహరుడు చేసే పని ఇది. కథ చెప్పించుకుని వినడానికి అలవాటుపడ్డ మన జనానికి ఇది కంటితో చూసిన దానికంటే ఎక్కువ తగులుతుంది. తలారికి కదలికలేవీ ఇవ్వలేదు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని చెప్పమన్నాను, అంతే.

ఇంత పాత కథ ఇప్పుడెందుకని అడిగేవాళ్లకి దక్షిణాఫ్రికా సంగతి చెబుతుంటాను. రాబెన్ దీవి జైల్లో ఖైదీలు 'ఆంటిగొనీ' వేశారు. అన్నకి అంత్యక్రియలు చేసిన పాపానికి చావుశిక్ష పడ్డ పిల్ల కథ అది. మండేలా అందులో క్రియోన్ రాజు వేషం కట్టారు. తనను బంధించిన ప్రభుత్వంలాంటి రాజుకి తన గొంతు అరువిచ్చారన్నమాట. అక్కడి కావలివాళ్ల భాష ఆఫ్రికాన్స్. ఆ భాషను మండేలా జైల్లో పట్టుబట్టి నేర్చుకున్నారు. 1973లో అథోల్ ఫుగార్డ్, జాన్ కానీ, విన్స్‌టన్ ఎన్‌చోనా కలిసి ఆ జైలు నాటకం చుట్టూ 'ది ఐలండ్' అల్లారు. ఇద్దరే ఖైదీలు, వాళ్లకి ఆ నటుల పేర్లే. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఏథెన్స్ మాటలు ఆ సెల్‌లో ఇద్దరు నల్లవాళ్లకి సొంత మాటలయ్యాయి.

మా ఊరికీ ఒక దుఃఖం ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున, గోపాలపట్నం పక్కనే ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ విషవాయువు ఇళ్ల మీద పడింది. పన్నెండు మంది పోయారు. రోడ్ల మీద కూలిపోయిన మనుషుల్ని, పశువుల్ని దేశమంతా టీవీలో చూసింది. ఆ తర్వాత కుర్రాళ్లు కొందరు నా దగ్గరికొచ్చి దానిమీద నాటకం రాద్దామన్నారు. కాదన్నాను. ఫ్రినికస్ అనే నాటకకర్త 'మిలేటస్ పతనం' వేసినప్పుడు ఏథెన్స్ ప్రేక్షకులంతా బావురుమన్నారని హెరొడోటస్ రాశాడు. తమ సొంత కష్టాన్ని గుర్తు చేశాడని ఆయనకి వెయ్యి డ్రాక్మాల జరిమానా వేసి, ఆ నాటకం ఇక వేయకూడదన్నారు. క్రూరంగా అనిపిస్తుంది గానీ ఆ జనం ఎందుకలా చేశారో వెంకటాపురం మనిషి ఎదురుగా కూర్చున్నప్పుడు తెలుస్తుంది. మనకి దొరికిన గ్రీకు విషాదాల్లో ఎక్కువభాగం ఏథెన్స్‌లో కాక థీబ్స్, ట్రాయ్, ట్రీజెన్ లాంటి చోట్ల జరుగుతాయి. పొరుగూరి కథ అయితే మన ఊరివాడు ధైర్యంగా ఏడవగలడు. 'పారసీకులు'లో ఈస్కిలస్ అయితే ఓడిన శత్రువు ఇంట్లో ఏడుపునే చూపించాడు, క్రీస్తుపూర్వం 472లో, యుద్ధం ముగిసి పదేళ్లయినా కాకముందే.

కాబట్టి మేం రాజమండ్రి కథే వేస్తాం. ఒక ప్రదర్శన అయ్యాక వెంకటాపురం నుంచి వచ్చిన ఒకావిడ నాతో మాట్లాడింది. సిద్ధుడు రాకపోవడమే మంచిదైంది బాబూ అంది. వచ్చుంటే లేచి వెళ్లిపోయేదాన్నంది. తన వాళ్లెవరినీ ఎవరూ లేపలేదని ఆమె అనలేదు. అనక్కర్లేదు కూడా. ధర్మవరం వారు ఎందుకలా ముగించారో నేను పుస్తకాల్లో వెతికాను. నాకు జవాబిచ్చింది ఆవిడ.

ఆఖరి రంగం గురించి మాలో ఇంకా వాదన తెగలేదు. వంతలు ఒట్టు ఎప్పుడు వదిలించుకోవాలి? యురిపిడీస్ నాటకంలో నిజం దేవత చెబుతుంది, ఆడవాళ్లు చెప్పరు. మాకు దేవత లేదు, సిద్ధుడూ లేడు. మరి రాజరాజుకి నిజం వంతలే చెప్పాలని నా పట్టు, కొడుకు ఇంకా ఊపిరితో ఉండగానే, తండ్రి ఒళ్లో ఉండగానే. చెప్పేవాళ్లకి అప్పటికి గొంతు వణకాలి, కానీ మాట తెగకూడదు. మా దగ్గర ఉన్నవాళ్లు ముగ్గురే. సింహాచలం అప్పన్న చందనోత్సవం అయ్యాక రిహార్సళ్లు మొదలవుతాయి. పద్యం రాకపోయినా, ఇంతవరకూ రంగస్థలం ఎక్కకపోయినా, గట్టిగా మాట్లాడగల ఆడవాళ్లు ఇంకొందరు కావాలి.