రాతి మీద బాణం గుర్తు

విశాఖలో కైలాసగిరి కింద తొలిసారి సుత్తి పట్టిన రోజున మా మాస్టారి చేత తిట్లు తిన్నాను. రాయిని పగలగొట్టే ముందు దాని మీద బాణం గీయడం మరిచిపోయాను. "ఇప్పుడిందులో ఏది పైన, ఏది కింద? ఉత్తరం ఎటు?" అన్నారు. నా చేతిలో ఎర్రటి గార్నెట్ గింజలు పొదిగిన ఖోండలైట్ ముక్క నోరు మెదపలేదు. నేనూ అంతే. "ఇంక కాగితాల మీద బరువుకి పెట్టుకో" అన్నారు. నలభై ఏళ్లుగా అది ఆ పనే చేస్తోంది.

రాయైనా చేతికి దొరకడం అదృష్టమే. అంటార్కిటికాలోనైతే అదీ కష్టం, అక్కడ మంచు కప్పని నేల ఒక్క శాతం కూడా లేదు. 1958లో సోవియట్ బృందమొకటి మంచు లోపలి ప్రకంపనలు కొలుస్తుంటే, కింద ఆల్ప్స్ అంతటి పర్వతశ్రేణి ఉన్నట్టు తేలింది. అవే గాంబుర్ట్సెవ్ పర్వతాలు. 2008-09లో విమానాలకు రాడార్లు బిగించి వాటి శిఖరాలూ లోయలూ గీసుకొచ్చారు. ఆ కొండల రాయి మాత్రం ఈనాటికీ ఎవరి చేతికీ రాలేదు. అడ్డుతెర తీయని పెళ్లి!

మంచు తవ్వేవాళ్లది కాస్త నయం. అంటార్కిటికాలోనే డోమ్ సి అనే చోట యూరప్ బృందం మూడు కిలోమీటర్ల పైచిలుకు లోతు నుంచి ఎనిమిది లక్షల ఏళ్ల మంచును కడ్డీలుగా పైకి లాగింది. అక్కడా అదే జాగ్రత్త: కడ్డీకి ఏది పై కొసో గుర్తు పెట్టాలి. తిరగబడితే కాలం వెనక్కి నడుస్తుంది.

అంటార్కిటికాలోని మన భారతి స్థావరానికి వెళ్లొచ్చిన శిష్యుడొకడు మొన్న ఇంటికొచ్చాడు. హిమనదం నుంచి విరిగిన మంచు ముక్కను గ్లాసు నీళ్లలో వేస్తే పోపులో ఆవాల్లా చిటపటలాడిందట. ఏనాడో బిగుసుకుపోయిన గాలి బుడగలు ఒక్కొక్కటే పగులుతాయి.

"మరి రాయేదిరా?" అన్నాను.

"ఊరికే తెచ్చేసుకోకూడదు మాస్టారూ, అనుమతులుంటాయి" అని ఫోన్‌లో ఫొటో చూపించాడు. ఆ స్థావరం ఉన్న లార్సెమాన్ కొండల రాయి, ఒళ్లంతా గార్నెట్ గింజలు. పదమూడు కోట్ల ఏళ్ల కిందట విడిపోయే దాకా ఆ తీరమూ మన తూర్పు తీరమూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నవే. ఫొటోలోని రాతి మీద నల్ల మార్కర్‌తో గీసిన బాణం.

కాగితాల మీది ముక్క తీసి ఫోన్ పక్కన పెట్టాను. ఇటు తిప్పాను, అటు తిప్పాను. వాడు నవ్వాపుకుంటున్నాడు.