నూలు వడికిన చేతుల పేర్లేవి?

మా ఊళ్ల చరిత్ర చెప్పమంటే మేమూ అందరిలాగే మొదలుపెడతాం. పెనుకొండ అంటే 1565 తర్వాత విజయనగర రాజధాని అయిన కోట, బాబయ్య దర్గా, షేర్‌ఖాన్ మసీదు. హిందూపురం అంటే పక్కనున్న లేపాక్షి, దాన్ని కట్టించిన విరూపణ్ణ. ధర్మవరం అంటే పట్టుచీర. రాజున్నాడు, ఫకీరున్నాడు, అధికారి ఉన్నాడు. ఆడమనిషి లేదు. లేపాక్షి పైకప్పు బొమ్మల్లో చీరల అంచులు చూసి మురిసిపోయే పండితులు ఆ బట్టకు నూలు వడికిందెవరని అడగరు.

నాగార్జునకొండలో 3వ శతాబ్దంలో మహాచైత్యానికి పూనుకున్న ఇక్ష్వాకుల ఆడపడుచు చాంతిసిరి పేరు శాసనంలో మిగిలింది. అమరావతి రాళ్ల మీదా దానమిచ్చిన భిక్షుణుల, గృహిణుల పేర్లున్నాయి. మంచిదే. దానమివ్వడానికి చేతిలో ఏమీ లేనివాళ్ల మాటేమిటి?

వాళ్ల జాడ 1909లో మైసూరులో శామశాస్త్రి అచ్చువేసిన అర్థశాస్త్రంలో ఉంది. సూత్రాధ్యక్షుడు వితంతువుల చేత, అంగవికలుర చేత, ముసలి దాసీల చేత నూలు వడికించాలట. గడప దాటని స్త్రీలకు దాసీలతో పని ఇంటికే పంపాలట. కూలి ఆలస్యమైతే అధికారికి జుల్మానా. కూలి తీసుకుని పని చెయ్యకపోతే ఆమెకు వేళ్ల కోత. రాజ్యం వాళ్ల పనిని లెక్కేసింది, శిక్షనూ రాసింది. పేర్లు మాత్రం రాయలేదు.

'గడప దాటని స్త్రీలు' అన్నచోట మేం ఆగిపోయాం. ఆడవాళ్లను ఇంట్లో పెట్టడం తురకలతోనే వచ్చిందని మాకు పాఠం చెప్పేవాళ్లు ఈ పుట చదవాలి. అలాగని మేం గోషాను వెనకేసుకు రావడం లేదు. గడప లోపల కూడా చాకిరీ ఉందనీ, దానిమీద రాజ్యాలు బతికాయనీ అంటున్నాం.

ఇప్పటికీ ధర్మవరంలో మగ్గం మీద కూర్చున్నవాడే నేతగాడు. కండె చుట్టిన భార్య, పోగు అతికిన కూతురు చేసింది ఇంటిపని కింద జమ. హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధర మాట్లాడతారు. వేడినీళ్లలో నాని పొక్కిన వేళ్ల సంగతి ఎవరికీ పట్టదు.

ఇక మా సంగతి. చరిత్రలో మమ్మల్ని వదిలేశారని నిలదీస్తున్నవాళ్లం. దూదేకుల వింటిని మా గుర్తుగా రాసుకున్నాం. ఆ వింటి పక్కన కూర్చుని పనిచేసిన మా దాదీమాల, నానీమాల పేర్లు మా రాతల్లో ఏవి? ఆ పేర్లు తెలిసిన ముసలమ్మలు ఇంకా మా గల్లీల్లో ఉన్నారు. ముందు వాళ్ల దగ్గరికి వెళ్లి కూర్చుందాం.