వేషానికి తగిన గొంతు: విషాదహాస్య నాటకాల్లో పాత్రధారి ఎంపిక – ‘ప్రతాపరుద్రీయం’ ఆధారంగా పరిశీలన

వ్యాససంగ్రహం

ఔత్సాహిక నాటక సమాజాలు పాత్రధారులను ఎంచుకొనే పద్ధతిని నాటక విమర్శ సాధారణంగా పట్టించుకోదు. ప్రదర్శన జరిగిన తరువాత నటనను తూచడమే విమర్శకు అలవాటు. అయితే ఏ పాత్రకు ఎవరు తగుదురన్న నిర్ణయంలోనే ఆ సమాజం నాటకాన్ని ఎలా అర్థం చేసుకున్నదో తేలిపోతుంది. నవ్వు, భయం ఒకే సన్నివేశంలో కలిసి నడిచే నాటకాల్లో ఇది మరింత స్పష్టం. నెల్లూరు రంగస్థలంతో విడదీయరాని అనుబంధం గల వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ నాటకాన్ని ఆధారం చేసుకొని, పాత్రోచిత భాషా సిద్ధాంతానికీ పాత్రధారి ఎంపికకూ గల సంబంధాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పాత్రోచిత భాష, భూమికావికల్పం, విషాదహాస్యం, ఔత్సాహిక నాటకం, నెల్లూరు రంగస్థలం, పేరిగాడు.

1. ప్రవేశిక

1897 తెలుగు నాటక చరిత్రలో గుర్తుంచుకోదగిన సంవత్సరం. అప్పటికి అయిదేళ్ల ముందు విజయనగరంలో రంగమెక్కిన గురజాడ ‘కన్యాశుల్కం’ తొలి కూర్పు ఆ ఏడే అచ్చయింది. వేదం వేంకటరాయశాస్త్రి ‘ప్రతాపరుద్రీయం’ వెలువడింది కూడా ఆ ఏడే. ఒకటి సమకాలిక సాంఘిక నాటకం, రెండవది కాకతీయుల కాలాన్ని కథావస్తువుగా గ్రహించిన చారిత్రక నాటకం. భాషావాదంలో ఈ ఇద్దరు రచయితలూ తరువాత ఎదురెదురు పక్షాల్లో నిలిచారు. ఇన్ని భేదాలున్నా రెండు నాటకాలకూ ఒక పోలిక ఉంది. రెండింటిలోనూ కథ ముందుకు సాగడానికి ఒక మనిషికి మరొకరి వేషం కట్టవలసి వస్తుంది. ఆ వేషం నిలిస్తే గండం గడుస్తుంది; బయటపడితే ముప్పు తప్పదు. ప్రేక్షకుడు నవ్వుతూనే ఊపిరి బిగబట్టే స్థితి ఇక్కడ ఏర్పడుతుంది. బ్లాక్ కామెడీ అని నేడు వ్యవహరించే లక్షణానికి దగ్గరగా ఉన్న ఈ స్థితిని ఈ వ్యాసం విషాదహాస్యం అని పేర్కొంటుంది.

ఇటువంటి నాటకాన్ని ఆడబూనిన సమాజం పాత్రధారులను ఏ గీటురాయి మీద పరీక్షించాలి? రూపమా, గొంతా, పుట్టుకతో వచ్చిన యాసా, నవ్వించే నేర్పా? ఈ ప్రశ్నకు ‘ప్రతాపరుద్రీయం’ తన కథలోనే ఒక సమాధానం ఇచ్చింది. ఆ సమాధానం రచయిత ప్రకటించిన సిద్ధాంతంతో పూర్తిగా పొసగదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

2. భూమికావికల్పం

పాత్రధారి ఎంపిక ఆధునిక రంగస్థలం కొత్తగా కనిపెట్టిన విషయం కాదు. భరతుని నాట్యశాస్త్రం భూమికావికల్పం పేరుతో దీనిని చర్చించింది. నటుని వయసు, స్వభావం పాత్రకు సరిపోతే అది అనురూపం. బాలుడు వృద్ధునిగా, వృద్ధుడు బాలునిగా నటించినట్లు రెంటికీ పొంతన లేకపోతే విరూపం. పురుషుడు స్త్రీ పాత్రను, స్త్రీ పురుష పాత్రను ధరిస్తే రూపానుసారిణి. శరీర నిర్మాణం, నడక, మాట తీరు గమనించి పాత్రలను పంచాలని శాస్త్రం చెబుతుంది.

ఈ విభజనలో అనురూపానిదే పెద్దపీట. నటుడూ పాత్రా ఎంతగా కలిసిపోతే ప్రయోగం అంతగా రాణిస్తుందన్నది దాని వెనుక ఉన్న భావన. విషాదహాస్యంలో మాత్రం పొంతన కుదరకపోవడమే రసానికి మూలం. రాజు కాని వాడు రాజుగా, పెళ్లికూతురు కాని వాడు పెళ్లికూతురుగా కనిపించినప్పుడే అక్కడ నవ్వూ భయమూ పుడతాయి. అందువల్ల ఇటువంటి పాత్రకు నటుణ్ణి వెతికేవారు అనురూపతను ఒక్కదాన్నే కొలతగా పెట్టుకుంటే నాటకం చేజారుతుంది.

3. విరాటుని కొలువు

పొంతన లేని వేషం నుంచి పుట్టే విషాదహాస్యం నెల్లూరు సాహిత్య సంప్రదాయానికి కొత్త కాదు. మనుమసిద్ధి ఆస్థానకవి తిక్కన భారతాంధ్రీకరణను విరాటపర్వంతో ఆరంభించాడు. ఆ పర్వ ప్రథమ భాగమంతా ఒక రకంగా వేషాల పరీక్షే. ధర్మరాజు కంకుడుగా, భీముడు వంటవాడుగా, అర్జునుడు బృహన్నలగా ఒక్కొక్కరే కొలువుకు వస్తారు. వచ్చినవాని రూపానికీ అతడు చెప్పుకొనే వృత్తికీ పొంతన కుదరడం లేదని విరాటునికి తోస్తూనే ఉంటుంది. అయినా వారి విద్యకు మెచ్చి కొలువులో చేర్చుకుంటాడు.

ద్రౌపది విషయంలో ఈ పొంతనలేమి ముప్పుగా మారుతుంది. సైరంధ్రిగా వచ్చిన ఆమె సౌందర్యం ఆ పనికి మించినదని సుదేష్ణ శంకిస్తుంది. ఆ శంక కీచకుని రూపంలో నిజమవుతుంది. చివరకు నర్తనశాల చీకటిలో కీచకుడు ద్రౌపది అనుకొని భీముణ్ణి తాకే ఘట్టంలో హాస్యం, జుగుప్స, భయం విడదీయరానంతగా కలిసిపోయాయి. వేషం ఎంత పొసగకపోతే సన్నివేశం అంత బలంగా పండుతుందనడానికి ఇంతకన్న ప్రసిద్ధమైన నిదర్శనం అవసరం లేదు. తిక్కన రచనలోని నాటకీయతను విమర్శకులు తరచుగా ప్రస్తావిస్తారు. ఆ నాటకీయతకు గల ఆధారాల్లో వేషానికీ వ్యక్తికీ మధ్య నిలిపి ఉంచిన ఈ దూరం ఒకటి.

4. పాత్రోచిత భాష

వేదం వేంకటరాయశాస్త్రి (1853–1929) మద్రాసు క్రైస్తవ కళాశాలలో సంస్కృత పండితులుగా పనిచేశారు. ఆయన 1899లో నెల్లూరులో ఆంధ్రభాషాభిమాని సమాజాన్ని నెలకొల్పారు. ఆయన నాటకాలు ప్రదర్శనకు రావడానికి ఆ సమాజం వేదికయింది. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదిని సభ, కోలాచలం శ్రీనివాసరావుతో ముడిపడిన సుమనోరమ సభ వలెనే నెల్లూరు సమాజం కూడా నాటకాన్ని జీవనోపాధిగా కాక అభిరుచిగా చేపట్టిన సంస్థల కోవకు చెందుతుంది.

సంస్కృత నాటకాల్లో ఉత్తమ పాత్రలు సంస్కృతం, తక్కిన పాత్రలు ప్రాకృతాలు మాట్లాడతాయి. ఆ మర్యాదను శాస్త్రిగారు తెలుగుకు అన్వయించారు. ఉన్నత పాత్రలకు గ్రాంథికం, సేవకాది పాత్రలకు వారి వారి వాడుక మాట అన్న నియమాన్ని పాటించి, ‘గ్రామ్యభాషా ప్రయోగ నిబంధనము’లో దానిని సమర్థించారు. వ్యావహారిక భాషావాదాన్ని గట్టిగా వ్యతిరేకించిన పండితుడే రంగస్థలం మీద చాకలి మాటకు చోటు కల్పించడం విడ్డూరంగా తోచవచ్చు. కానీ ఆయన దృష్టిలో ఇందులో వైరుధ్యం లేదు. గ్రామ్యం పాత్రకు చెందినది, రచయితది కాదు. వచన రచనకు పనికిరాని భాష పాత్రకు తగిన చోట అలంకారమే అవుతుంది.

ఈ నియమం పాత్రధారుల ఎంపికపై పడే ప్రభావాన్ని విమర్శకులు తగినంతగా గమనించలేదు. భాషను బట్టి పాత్రలు రెండు శ్రేణులుగా విడిపోయినప్పుడు నటులు కూడా రెండు శ్రేణులుగా విడిపోతారు. గ్రాంథిక సంభాషణను తడబడకుండా చెప్పగలవాడు నాయకుడవుతాడు. యాసతో నవ్వించగలవాడికి సేవకుని వేషం దక్కుతుంది. ఆ కాలపు ఔత్సాహిక సమాజాలు ప్రధానంగా చదువుకున్న మధ్యతరగతితో కూడినవి. కాబట్టి శ్రమజీవి మాటను ఆ మాట మాట్లాడనివాడు అనుకరించడం సహజంగానే ఆనవాయితీ అయింది. అనుకరణలో మొదట వినిపించేది వింతదనం. ఆ వింతదనమే పాత్ర అని పొరబడే ప్రమాదం అక్కడి నుంచే మొదలవుతుంది.

5. పేరిగాడు: నాటకంలోని నటపరీక్ష

‘ప్రతాపరుద్రీయం’ కథలో ప్రభువు శత్రువుల చేత చిక్కుతాడు. రాజ్యాన్ని కాపాడవలసిన భారం మంత్రి యుగంధరునిది. అతడు ఢిల్లీలో పిచ్చివాని వేషం వేస్తాడు. రాజును పోలిన చాకలి పేరిగాడు రాజవేషం ధరించవలసి వస్తుంది. ఈ రెండు వేషాలూ నాటకానికి ఆయువుపట్లు. తెలుగు ప్రేక్షకుల జ్ఞాపకంలో నిలిచినవి కూడా ఇవే.

రెండింటికీ మధ్య ఒక ముఖ్యమైన భేదం ఉంది. యుగంధరుడు తన వేషాన్ని తానే ఎంచుకుంటాడు. అతడు బుద్ధిమంతుడని ప్రేక్షకునికి ముందే తెలుసు కనుక అతని పిచ్చి మాటల వెనుక తెలివి మెరుస్తూ ఉంటుంది. ఇటలీ నాటకకర్త డారియో ఫో 1970లో రచించిన ‘ఒక అరాచకవాది ప్రమాద మరణం’లోనూ ఇటువంటి పాత్ర ఉంది. పోలీసు కార్యాలయంలో న్యాయాధికారి వేషం వేసిన పిచ్చివాడే అక్కడ అందరికన్న తెలివిగా ప్రశ్నలు వేస్తాడు. పిచ్చి ముసుగులో అధికారాన్ని ఆటపట్టించడం ఈ రెండు పాత్రలకూ సమానం.

పేరిగానికి అటువంటి స్వేచ్ఛ లేదు. ముఖపోలిక ఒక్కటే అతని అర్హత. ఎంపిక చేసినవాడు మంత్రి, ఎంపికైనవాడు చాకలి. వేషం నిలవకపోతే మొదట పోయేది ఎవరి ప్రాణమో చెప్పనక్కరలేదు. నాటకంలోని హాస్యానికి అడుగున ఉన్న చీకటి ఇదే. పేరిగాని మాటకు ప్రేక్షకుడు నవ్వుతాడు. అతడు నోరు జారితే రాజ్యం పోతుందన్న ఎరుక ఆ నవ్వును నిలవనీయదు.

రచయిత సిద్ధాంతానికీ రచనకూ మధ్య ఉన్న బిగువు ఇక్కడే బయటపడుతుంది. పాత్రోచిత భాషా నియమం ప్రకారం మాట మనిషి అంతస్తుకు గుర్తు. ఏ పాత్ర నోట ఏ భాష రావాలో ముందే నిర్ణయమై ఉంటుంది. కథ మాత్రం వస్త్రం మారితే చాకలి రాజుగా చెల్లుబాటు కాగలడన్న ఊహపై నడుస్తుంది. రూపం ఇద్దరికీ ఒక్కటే అయినప్పుడు రాజుకూ చాకలికీ మిగిలిన భేదం నాలుకపై ఉన్నదే. భాషను అంతస్తుకు హద్దుగా నిలిపిన రచయితే, ఆ హద్దు ఎంత పలుచనిదో చూపే పాత్రను సృష్టించాడు. ఇది నాటకంలోని లోపం కాదు. అన్ని పాత్రలూ ఒకే భాష మాట్లాడి ఉంటే పేరిగాని భయం ప్రేక్షకునికి వినిపించేది కాదు. సిద్ధాంతం విధించిన కట్టుబాటే కథకు ఉత్కంఠను సమకూర్చింది.

దీనిని బట్టి పేరిగాని పాత్రకు నటుణ్ణి ఎంచేటప్పుడు యాసతో నవ్వించే శక్తిని మాత్రమే పరీక్షించడం చాలదు. ఆ నటుడు రాజుగా నటించే చాకలిని నటించాలి. రాజఠీవిలో చాకలి తొణకాలి, చాకలి బెదురులో అరువు తెచ్చుకున్న ఠీవి కనిపించాలి. అందరూ నవ్వుతున్నప్పుడు తాను నవ్వకుండా ఉండగలగాలి. ఎందుకంటే పేరిగానికి అది హాస్యం కాదు, గండం.

6. కరటకశాస్త్రి ఎంపిక

‘కన్యాశుల్కం’తో పోల్చినప్పుడు ఈ విషయం మరింత తేటపడుతుంది. కరటకశాస్త్రి తన శిష్యుణ్ణి ఆడపిల్లగా అలంకరించి లుబ్ధావధాన్లకు పెళ్లి చేస్తాడు. కరటకశాస్త్రి స్వయంగా నాటకాల్లో వేషాలు వేసేవాడు. వేషం కట్టించడంలో అతనికి నైపుణ్యం ఉంది. ఆ మాయపెళ్లికూతురు అంతర్ధానమైన తరువాత, లేని పిల్లను చంపాడన్న నేరం లుబ్ధావధాన్ల మెడకు చుట్టుకుంటుంది. అసలే లేని మనిషి హత్యకు విచారణ జరగడం విషాదహాస్యానికి పరాకాష్ఠ.

ఇక్కడ పాత్రలన్నీ వాడుక భాషే మాట్లాడతాయి కనుక గ్రాంథికం, గ్రామ్యం అన్న శ్రేణీ విభజన నటుల మధ్య ఏర్పడదు. భేదాలన్నీ ఒకే భాషలోని ఛాయల్లో ఉంటాయి. గిరీశం ఇంగ్లీషు కలిపిన డాబు ఒక ఛాయ, మధురవాణి మాటకారితనం మరొకటి. అందువల్ల ఈ నాటకానికి నటపరీక్ష పెట్టేవారు ఎవరు ఏ భాష మాట్లాడగలరని అడగరు, మాట వెనుక దాగిన ఉద్దేశాన్ని ఎవరు వినిపించగలరని చూస్తారు. అయితే ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. 1909 నాటి రెండవ కూర్పు చాలా పెద్దది. ప్రదర్శన కోసం కుదించక తప్పదు. కుదింపులో గిరీశం చమత్కారాలు నిలిచి బుచ్చమ్మ నిస్సహాయత, మీనాక్షి దురవస్థ పలచబడితే, మిగిలేది నవ్వే, చీకటి కాదు.

7. నేటి ఔత్సాహిక సమాజాలకు అన్వయం

నెల్లూరు పురమందిరం వంటి వేదికలపై నాటకమాడే నేటి సమాజాలకు ఈ చర్చతో నిమిత్తం లేదనుకోరాదు. పెన్నా ముఖద్వారం చుట్టూ ఉన్న పల్లెల మాటకు తనదైన తీరు ఉంది. ‘ఉన్నాడు’ అనవలసిన చోట ‘ఉండాడు’ అనడం, ‘ఎక్కడ’కు బదులు ‘యాడ’ అనడం అక్కడ సహజం. మైపాడు, కృష్ణపట్నం వైపు నుంచి ఒక యువకుడు నటపరీక్షకు వస్తే అతని ముందు సాధారణంగా రెండు దారులే ఉంటాయి. యాస దిద్దుకొంటే ప్రధాన పాత్ర, దిద్దుకోకపోతే హాస్య పాత్ర. పాత్రోచిత భాషా నియమం గ్రంథాల్లో చర్చనీయాంశంగా మిగిలినా, పాత్రల పంపకంలో అలవాటుగా కొనసాగుతున్నదనడానికి ఇది నిదర్శనం.

విషాదహాస్య నాటకం ఈ అలవాటును ప్రశ్నించే అవకాశం ఇస్తుంది. ఇందుకు మూడు ప్రమాణాలను ప్రతిపాదించవచ్చు. మొదటిది, ఒకే అభ్యర్థి చేత రెండు అంతస్తుల మాటలనూ చదివించడం. పేరిగానికి పోటీపడేవాడు రాజు సంభాషణను, రాజుకు పోటీపడేవాడు పేరిగాని సంభాషణను కూడా చెప్పాలి. రెండవది, నవ్వించే వాక్యంతో పాటు ఆ వాక్యం తరువాతి మౌనాన్ని పరీక్షించడం. భయం ఆ మౌనంలోనే ఉంటుంది. మూడవది, ఎదుటి పాత్ర మాట్లాడుతున్నప్పుడు అభ్యర్థి వినే తీరును గమనించడం. పరవేషంలో ఉన్న మనిషి ప్రతి మాటనూ ప్రమాదంగా వింటాడు. ఆ వినికిడి లేని నటుడు ఎంత నవ్వించినా పేరిగాడు కాలేడు.

8. ముగింపు

పాత్రధారి ఎంపిక నాటకానికి ముందు జరిగే ఏర్పాటు మాత్రమే కాదు, నాటకంపై వెలువడే తొలి విమర్శ. విరాటుని కొలువు, యుగంధరుని పన్నాగం, కరటకశాస్త్రి ఉపాయం మూడూ చూపేది ఒక్కటే: వేషం, వ్యక్తి పూర్తిగా కలిసిపోని చోటే విషాదహాస్యం జీవిస్తుంది. వేదం వేంకటరాయశాస్త్రి పాత్రకు తగిన భాషను నిర్దేశించారు. ఆయన సృష్టించిన పేరిగాడు మాత్రం ఆ తగవును రాజసింహాసనం ముందే పరీక్షకు పెట్టాడు. ఆ పాత్రను యాస కోసం ఎంచుకున్న సమాజానికి నవ్వు దక్కుతుంది. ఆ యాస బయటపడుతుందేమోనన్న బెదురును గొంతులో పలికించగల నటుణ్ణి ఎంచుకున్న సమాజానికి నాటకం దక్కుతుంది.