సెసెన్‌హైమ్ పాస్టరు కుటుంబము – గేటే ఆత్మకథలో ఒక ఘట్టము

ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రకటించిన 'వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్' నవలకు ఆంధ్ర సాహిత్యముతో గల సంబంధము సుప్రసిద్ధము. కందుకూరి వీరేశలింగము పంతులు 1878లో 'వివేకవర్ధని' పత్రికయందు ప్రకటింప నారంభించిన 'రాజశేఖర చరిత్రము'నకు ప్రేరణ ఆ గ్రంథమే. ఇంగ్లండు పల్లెలోని మతగురువు పంతులుగారి చేతిలో ధవళేశ్వరపు బ్రాహ్మణ గృహస్థుడైనాడు. అంతకు పూర్వమే ఆ నవల జర్మను దేశమున మరియొక మహారచయిత చేతికి చిక్కినది. కాని అచట అది మరియొక నవలకు కాదు, ఒక ఆత్మకథకు మూస యయ్యెను. కల్పనకు కల్పన మూస యగుటలో వింత లేదు. బ్రతికియున్న ఒక కుటుంబమును ఆ మూసలో పోసినప్పుడు ఏమి మిగిలెను, ఏమి పోయెను అనునది విచారింపదగిన విషయము.

గేటే తన ఆత్మకథకు 'కవిత్వము - సత్యము' అని పేరిడెను. అందు పదవ, పదునొకండవ భాగములలో సెసెన్‌హైమ్ వృత్తాంతము గలదు. న్యాయశాస్త్రాధ్యయనమునకై 1770లో స్ట్రాస్‌బర్గు నగరము చేరిన గేటే, ఆ యేడు అక్టోబరు మాసమున వైలండ్ అను మిత్రుని వెంట గుఱ్ఱమెక్కి సెసెన్‌హైమ్ అను పల్లెకు పోయెను. అప్పటి కాతనికి ఇరువది యొక్క యేండ్లు. ఆ ఆల్సేసు సీమ నాడు ఫ్రెంచి రాజు పాలనలో నున్నను, ఆ పల్లెవాసుల భాష జర్మను. అచటి లూథరన్ పాస్టరు యోహాన్ యాకోబ్ బ్రియోన్. గేటే బీద వేదాంత విద్యార్థి వేషమున ఆ యింట అడుగు పెట్టెను. పాస్టరుగారి కుమార్తె ఫ్రీడరికెను చూచిన పిదప ఆ వేషమునకు తానే సిగ్గుపడెను. మరునాడు పొరుగూరి పూటకూళ్లవాని కుమారుని దుస్తులు మార్చుకొని వచ్చి మరల ఆ యింటివారిని నవ్వించెను. ఈ భాగమంతయు చదువరిని చేయిపట్టి నడిపించునంత సుకుమారముగా సాగినది.

ఆ యిల్లు చూచినంతనే తనకు గోల్డ్‌స్మిత్ నవలలోని సంసారము కన్నులకు కట్టినదని గేటే చెప్పును. హెర్డరు ఆ నవలను తమకు చదివి వినిపించుట అంతకు ముందే జరిగినట్లు వ్రాసెను. ఆ కాలపు లేఖలను పరిశీలించిన పండితులు ఈ క్రమమును శంకించిరి. నవలాపఠనము తొలి దర్శనమునకు తరువాతిదై యుండునని వారి యూహ. అదే నిజమైనచో, నలువదేండ్ల పిమ్మట వ్రాయుచున్న వృద్ధకవి గ్రంథమును ముందునకును జీవితమును వెనుకకును జరిపినాడన్నమాట. ఇది మతిమరపు కాదు, శిల్పము. పెద్ద కుమార్తె మరియా సలోమియాకు అతడు నవలలోని 'ఒలీవియా' పేరు పెట్టెను. కుమారుడు క్రిస్టియను 'మోజెస్' అయ్యెను. అప్పటికే అత్తవారింటికి పోయిన మరియొక కుమార్తె ఊసు లేదు. చిన్న కుమార్తె సోఫీ అసలు కథలోనే కనబడదు. గోల్డ్‌స్మిత్ నవలలోని రెండవ కుమార్తె పేరు సోఫియా! ఆ స్థానము ఫ్రీడరికెకు కావలసి వచ్చినది; కావున నిజముగా ఆ పేరు గల పిల్లకు కథలో చోటు లేకపోయెను.

ఈ మూసలో ఇమడక నిలిచిన వ్యక్తి ఒక్కడున్నాడు. ఆయన పాస్టరుగారే. గ్రామమందలి ప్రొటెస్టంటు పాస్టరు ఆధునిక గ్రామకావ్యమునకు అత్యుత్తమ నాయకుడని గేటే ఉపోద్ఘాతముగా ఒక స్తోత్రము చేసెను: మెల్కీసెదెకు వలె ఆయన యాజకుడును రాజును, తండ్రి, గృహయజమాని, కృషీవలుడు, సంఘములో సంపూర్ణముగా ఒకడు. స్తోత్రము మనోహరమే. కాని ఆ వెంటనే తలుపు తెఱచి వచ్చిన మనుష్యుడు చిన్న విగ్రహము, మితభాషి. అతిథులతో ఆయన తొలుత ఎత్తిన మాట తన యింటి దురవస్థ. ఊరు సంపన్నమైనది, పాస్టరు నివాసము మాత్రము శిథిలము. క్రొత్త యిల్లు కట్టింతుమని గ్రామమువారు మొదలు పై యధికారులవరకు అందరును మాట యిచ్చినవారే, కట్టించినవాడు లేడు. వేక్‌ఫీల్డు గురువు ఇట్టి ఫిర్యాదుతో పాఠకుని ఎదుటికి రాడు. ఇది బ్రియోన్ సొంత మాట.

ఈ యిల్లు ఆయన సొంతము కాదు. గుంటూరు ప్రాంతమున 1842 నుండి లూథరన్ సంఘమును ఎరిగిన తెలుగువారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు: పాస్టరు నివాసము సంఘమునది, పదవి యున్నంత కాలమే అందలి కాపురము. ఇంటియజమాని కన్ను మూసిననాడు భార్యాబిడ్డలు తట్టాబుట్టా సర్దుకొనవలసినదే. గేటే గీసిన చిత్రములో యాజకుడును రాజును అయినవానికి తలదాచుకొనుటకు స్వంత కప్పు లేదన్న భయము కనబడదు. ఐనను తండ్రి ఆ యింటి మాటను అన్నిసార్లు ఎత్తుటలో అది వినబడుచునే యున్నది. గేటే ఆయనను మెప్పించుటకై క్రొత్త యింటికి పటము గీసి యిచ్చెను. పెద్దాయన మురిసి దానిని వచ్చినవారికెల్ల చూపెను. ఆ వచ్చినవారు సవరణల పేరిట మంచి కాగితముపై గీతలు గీసి పాడుచేసిరి. ఆయన దుఃఖమును గేటే హాస్యముగానే చెప్పినాడు. కాని ఆ హాస్యము క్రింద నున్నది హాస్యము కాదు. పాతబండికి గేటే పూలు చిత్రించి రంగు వేయుట, వార్నీషు ఆరకపోవుట, అంతయు గోకివేయవలసి వచ్చుట కూడ ఇట్టిదే. ఆ కుటుంబమునకు అతడు చేసిన మేళ్లు కాగితముమీద నొకటి, వార్నీషులో నొకటి.

నవల మూస పూర్తిగా పగిలిపోవు తావు నగర ఘట్టము. తల్లియు కుమార్తెలును స్ట్రాస్‌బర్గులోని బంధువుల యింటికి వచ్చిరి. ఆ బంధువుల కన్యలు ఫ్రెంచి దుస్తులలో మెలగువారు. పల్లె నుండి వచ్చినవారు మాత్రము జర్మను కట్టులోనే యుండిరి. పల్లెలో రాణివలె తిరిగిన ఫ్రీడరికె నగరపు హాలులోను నిబ్బరముగనే నడచుకొనెను. ఒలీవియా మాత్రము ఒడ్డునపడ్డ చేపవలె తల్లడిల్లెను. ఈ చోటినుండి తప్పింపుడని వేడుకొనెను. వారు వెడలిపోవునప్పుడు తన గుండె బరువు దిగినదని గేటే దాపరికము లేక వ్రాసినాడు. ఆత్మకథలోని యీ భాగమున కెల్ల ఇది మిక్కిలి నిజాయితీ గల పుట. పాస్టరు ఇంటి వెలుగు ఆ తోటలో, ఆ పొలములో, ఆ చెట్ల నీడలో నున్నంతవరకే తనకు ప్రియమని అతడు అప్పుడు గ్రహించెను. వారిని తన లోకమునకు తెచ్చుకొను తలంపు అతని కెన్నడును లేదు.

1771 ఆగస్టులో గేటే స్ట్రాస్‌బర్గు విడిచెను. గుఱ్ఱముమీద నుండియే ఫ్రీడరికెకు చేయి అందించితిననియు, ఆమె కన్నుల నీరు నిండెననియు వ్రాసినాడు. తుది వీడ్కోలు లేఖద్వారా పంపెను. ఆమె ప్రత్యుత్తరము తన హృదయమును చీల్చినదని ఒప్పుకొనెను. తన జీవితమున తొలిసారి తాను దోషినైతినన్న భావము ఇచటనే పుట్టినదని చెప్పెను. ఈ ఒప్పుకోలును శంకింప పనిలేదు. అతని 'సమాగమము-వియోగము' అను గీతమే సాక్ష్యము. 1775లో అచ్చయిన పాఠమున వెడలిపోవునది ఆమె, నేల చూచుచు నిలిచిపోవువాడు కవి. 1789 నాటి సంపుటమున దానిని తలక్రిందు చేసి, వెడలిపోవువాడు తానే యని దిద్దెను. రెండు క్రియాపదముల మార్పు. దానికి పదునాలుగేండ్లు పట్టినది.

1779 సెప్టెంబరులో అతడు మరల సెసెన్‌హైమ్ వెళ్లెను. ఆ కుటుంబము నిష్ఠురమాడక ఆదరించినది. తాను వ్రాసి యిచ్చిన పాటలు అచట కనబడెననియు, తాను చిత్రించిన బండి కూడ నున్నదనియు ఆ నాళ్లలోనే షార్లట్ ఫాన్ స్టైనునకు వ్రాసెను. ఆత్మకథలో నవ్వులపాలైన బండిని వారు పారవేయలేదన్నమాట.

పిదపటి చరిత్ర గేటే పుస్తకములో లేదు. తల్లి 1786లో, తండ్రి 1787లో గతించిరి. సోదరుడు క్రిస్టియన్ రోటావులో పాస్టరుగా నుండెను; ఫ్రీడరికె, సోఫీ అచటికి చేరిరి. చేతిపనులు, చిన్న వర్తకము వారి జీవనాధారములు. 'ఒలీవియా' యని పేరుపడిన సలోమియా మార్క్స్ అను పాస్టరును పెండ్లాడెను. ఫ్రీడరికె తుది దినములు మైసెన్‌హైములో గడచెను. ఆమె పెండ్లి చేసుకొనలేదు. గేటే లేఖలను సోఫీ కాల్చివేసెనని చెప్పుదురు. కథలో చోటు దొరకని ఆ చెల్లెలు కథకుని చేవ్రాలునే అగ్నికి ఇచ్చుటలో ఒక న్యాయము కలదనిపించును. కాని ఆ మంటలో ఆమె అక్క పక్షము కూడ కొంత కాలిపోయెను. ఈనాడు లోకము వినుచున్నది ఒక్క గొంతునే. 1928లో బెర్లినున లెహార్ సంగీతరూపకము 'ఫ్రీడరికె' రంగమెక్కినప్పుడు పాడినదియు ప్రధానముగ ఆ గొంతే.

వీరేశలింగము పంతులుగారి పద్ధతి దీనికి విపర్యాసము. ఆయన గోల్డ్‌స్మిత్ చట్రమును తీసికొని, అందు తన చుట్టునున్న జ్యోతిష్యుల, స్వర్ణయోగుల, ముఖస్తుతివాదుల సమాజమును నింపెను. ఏ యొక్క ఇంటిని నవలగా చూపలేదు. గేటే తానెరిగిన ఇంటిని తీసికొని, ఆ ఇంటివారి పేర్లను మార్చి, నవలను నింపెను. శిల్పదృష్టితో చూచిన గేటే పుటలే గొప్పవి; అందు సందేహము లేదు. ఆ గొప్పతనమునకు వెల చెల్లించినవారు వేరు.

ఆత్మకథలో సెసెన్‌హైమ్ ప్రవేశించు పదవ భాగము 1812లో వెలువడెను. ఫ్రీడరికె 1813 ఏప్రిల్ 3న మరణించెను. ఆమెను వీడిపోయిన సంగతి చెప్పు పదునొకండవ భాగము 1814లో అచ్చయ్యెను. ఆ యింటిని గేటే తన యౌవనమున ఎఱ్ఱ సుద్దతో గీసిన చిత్రము మాత్రము ఇప్పటికిని నిలిచియున్నది. అందు ఒలీవియా లేదు, మోజెస్ లేడు. పాస్టరుగారు బాగుచేయింపుమని మొరపెట్టుకొన్న ఆ పాత యిల్లును, ప్రక్కన ధాన్యపుకొట్టమును ఉన్నవి.